మన నమ్మకానికీ అదే కాటా

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. చివర్లో అడిగిన ప్రశ్నల్లో కొన్నింటినే ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం "మత విశ్వాసాల పునఃపరిశీలన". అంత బరువైన పేరు ఎందుకులెండి. నేను మాట్లాడబోయేది ఒక్క ప్రశ్న గురించి. నేను నమ్ముతున్నది తప్పేమో అని నాకు నేనుగా ఎలా కనుక్కోవాలి? పక్కవాడి నమ్మకం తప్పని కనుక్కోవడం మనకెవరూ నేర్పక్కర్లేదు. అందులో మన ఊళ్లో అందరూ పండితులే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఎవర్నీ దేవుణ్ణి వదిలేయమనడానికి నేను రాలేదు. ఎవర్నీ కొత్త దేవుడి దగ్గరికి తీసుకెళ్లడానికీ రాలేదు. ఈ హాల్లో బొట్టు పెట్టుకున్నవాళ్లున్నారు, మెడలో సిలువ ఉన్నవాళ్లున్నారు, టోపీ పెట్టుకున్న పెద్దాయన రెండో వరుసలో ఉన్నారు. వెనక నాస్తిక మిత్రులు చేతులు కట్టుకుని, "ఈయనేం చెబుతాడో చూద్దాం" అన్నట్టు కూర్చున్నారు. అందరినీ సమానంగానే ఇబ్బంది పెడతాను, పక్షపాతం ఉండదు. (నవ్వులు)

ముందు ఒక చిన్న ఆట. నా మనసులో ఒక నియమం ఉంది. దానికి సరిపోయే మూడు అంకెలు 2, 4, 6. మీరు వేరే మూడేసి అంకెలు చెబుతూ ఉండండి. సరిపోయాయో లేదో నేను చెబుతాను. నియమం ఏమిటో మీరు పట్టుకోవాలి.

(సభలోంచి: 8, 10, 12.) సరిపోయింది. (20, 22, 24.) అదీ సరిపోయింది. (100, 102, 104.) సరిపోయింది. ఇక నియమం చెప్పండి. ("రెండేసి పెరిగే సరిసంఖ్యలు!") కాదు. ("రెండేసి పెరిగే ఏ సంఖ్యలైనా!") అదీ కాదు.

నియమం చాలా చిన్నది. ఒకదాని కంటే తర్వాతది పెద్దదిగా ఉండాలి, అంతే. 1, 2, 3 అన్నా సరిపోయేది. 5, 17, 900 అన్నా సరిపోయేది. మీరేం చేశారంటే, రెండేసి పెరుగుతాయని మొదటే అనుకున్నారు. అనుకున్నాక దానికి సరిపోయే అంకెలే అడిగారు. నేను "సరిపోయింది" అన్నప్పుడల్లా మీ ధైర్యం పెరిగింది. నిజానికి కొత్తగా తెలిసింది ఏమీ లేదు. మీరనుకున్నది తప్పయితే బయటపడే ప్రశ్న ఒక్కటి కూడా అడగలేదు.

దీన్ని పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద ప్రయోగించి 1960లో ప్రచురించాడు. అక్కడా చాలామంది మొదటి జవాబు తప్పే చెప్పారు. కాబట్టి మీరు బాధపడక్కర్లేదు.

మొక్కుల దగ్గర మనం ఆడేది ఈ ఆటే. మొక్కు తీరినవాళ్లు తిరుపతిలో తలనీలాలిస్తారు, గుణదలలో కొవ్వొత్తి వెలిగిస్తారు, దర్గాలో చాదర్ కప్పుతారు. పదిమందికీ చెబుతారు. మరి తీరనివాళ్లో? "నాకు తీరలేదు" అని ఎవరూ కొండ మెట్ల దగ్గర బోర్డు పట్టుకుని నిలబడరు కదా. తీరని మొక్కు ఇంట్లోనే ఉండిపోతుంది. మన చెవిన పడేవన్నీ 8, 10, 12లే.

ఇది కొత్త సంగతేమీ కాదు. రెండు వేల ఏళ్ల క్రితం రోమ్‌లో సిసిరో అనే తత్వవేత్త రాశాడు. డయాగొరస్ అనే గ్రీకు నాస్తికుడికి ఒక గుళ్లో మిత్రుడు చిత్రపటాలు చూపించాడట. అన్నీ దేవుడికి మొక్కుకుని తుఫానులోంచి బయటపడ్డవాళ్లు ఇచ్చినవి. "ఇంతమందిని కాపాడాడు, ఇంకా నమ్మవా?" అన్నాడు. "సముద్రంలో మునిగిపోయినవాళ్ల పటాలు ఎక్కడ పెట్టారు?" అని డయాగొరస్ అడిగాడు.

ఈ ఊళ్లో ఈ కథ చెప్పడం కొంచెం కష్టం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వచ్చి సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజుల్లో మేడ మీద కూర్చుని, తాగడానికి నీళ్లు లేక, తెలిసిన దేవుళ్లందరికీ దణ్ణం పెట్టినవాళ్లు మీలోనే ఉండొచ్చు. బయటపడ్డాక "దేవుడే కాపాడాడు" అన్నారు. ఆ మాట అన్నవాళ్లతో నేను వాదించను. కానీ పోయినవాళ్లూ దణ్ణం పెట్టే ఉంటారు. వాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పలేరు కాబట్టి మన లెక్కలో వాళ్లు లేరు. నేనంటున్నది ఆ లెక్క గురించే.

ఇప్పుడు రెండు అద్భుతాల సంగతి చూద్దాం.

1995 సెప్టెంబరు 21. నలభై దాటినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వినాయకుడు పాలు తాగిన రోజు. పొద్దున ఉత్తరాదిన మొదలైంది, సాయంత్రానికి దేశమంతా పాకింది, లండన్‌లో గుళ్ల దాకా వెళ్లింది. చెంచాలో పాలు పోసి తొండానికి ఆనిస్తే పాలు తగ్గిపోతున్నాయి. కళ్లారా చూసిన సంగతి, ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి పట్టారు. అప్పుడు తెలిసింది, పాలు పోతున్నది లోపలికి కాదని. తలతన్యత వల్ల, అంటే ద్రవం పైపొరకి ఉండే బిగువు వల్ల, చెంచా అంచు దాటి, విగ్రహం ఒంటి మీద పల్చటి పొరలా కిందికి జారుతున్నాయి. తెల్లటి పాలు కాబట్టి కనపడలేదు.

రెండోది 2012లో ముంబైలో జరిగింది. ఒక చర్చి దగ్గర సిలువ మీద క్రీస్తు పాదాల నుంచి నీటిచుక్కలు కారాయి. జనం వచ్చి ఆ నీళ్లు పట్టుకున్నారు, కొందరు తాగారు. సనల్ ఎడమరుకు అనే హేతువాది వచ్చి చూసి, దగ్గర్లోనే మరుగుదొడ్డి నీళ్లు పోయే కాలువ మూసుకుపోయిందని, ఆ నీళ్లు గోడలోకి ఊరి, దీపం ఒత్తి నూనె పీల్చినట్టు పైకెక్కుతున్నాయని చెప్పాడు. ఆయన మీద మతభావాలు గాయపరిచారని ఫిర్యాదులొచ్చాయి. ఆయన దేశం వదిలి ఫిన్లండ్ వెళ్లిపోయాడు.

ఈ రెండూ విన్నప్పుడు మీలో మీకేం జరిగిందో గమనించుకోండి. రెండో కథ వింటుంటే హిందూ మిత్రులు తల ఊపారు, నేను ఇక్కడి నుంచి చూశాను. (నవ్వులు) మొదటిది చెబుతున్నప్పుడు ఇటుపక్క మిగతావాళ్ల తలలు ఊగాయి. తలతన్యత అందరికీ అర్థమైంది, నీళ్లు గోడలోంచి ఊరి పైకెక్కడమూ అర్థమైంది. ఫిజిక్స్ అందరికీ వచ్చు, పక్కవాడి గుళ్లో. మన గుళ్లోకి అడుగుపెట్టగానే "అన్నీ సైన్సుకి అందవండీ" అంటాం.

గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లే రైతుని అడగండి, కాటా గురించి ఆయనకున్నంత పట్టింపు ఇంకెవరికీ ఉండదు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తూచేటప్పుడు ముల్లు వైపే చూస్తుంటాడు. కొనేవాడు తనకి కొనేటప్పుడు ఒక కాటా, అమ్మేటప్పుడు ఇంకో కాటా వాడితే దాన్ని వ్యాపారం అనం, మోసం అంటాం. నమ్మకాల దగ్గర మనందరి ఇళ్లల్లో రెండు కాటాలున్నాయి. పక్కవాడి అద్భుతాన్ని తూచేది ఒకటి, మనదాన్ని తూచేది ఇంకొకటి. నేను చెప్పదలుచుకున్నది అంతా ఇంతే: రెంటికీ ఒకటే కాటా పెట్టండి. మీ మతం తప్పని పక్కమతం వాడు అంటే ఏ ఆధారం అడుగుతారో, మీ మతం నిజమని మీకు మీరు చెప్పుకునేటప్పుడూ ఆ ఆధారమే అడగండి.

"మేం పుట్టిందే ఇందులో" అంటారు చాలామంది. పుట్టుక సంగతి గట్టిగా ఆలోచించినవాడు అల్ గజాలీ. ఇస్లాం చరిత్రలో పెద్ద పండితుల్లో ఒకడు, 1058లో పుట్టి 1111లో పోయాడు. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లిముల పిల్లలు ముస్లిములుగా పెరుగుతున్నారని చూశాడు. అయితే నేను ముస్లిముని కావడానికి కారణం ఏమిటి, మా నాన్నా, నిజమా? ఈ ప్రశ్న ఆయన్ని కుదిపేసింది. బాగ్దాద్‌లో నిజామియా విద్యాపీఠంలో పెద్ద ఆచార్య పదవి ఆయనది. దాన్ని 1095లో వదిలేసి వెళ్లిపోయాడు. ఏళ్ల తరబడి ఏకాంతంలో ఉండి, సూఫీ మార్గంలో మళ్లీ విశ్వాసంలోకే వచ్చాడు. ప్రశ్నించినవాళ్లందరూ బయటికే పోతారన్న భయం అక్కర్లేదని చెప్పడానికి ఈ సంగతి చెబుతున్నాను.

ఇక్కడ నాస్తిక మిత్రులకి ఒక చిన్న చురక. "నువ్వు ఆ ఇంట్లో పుట్టావు కాబట్టే నమ్ముతున్నావు, కాబట్టి అది తప్పు" అని వాదిస్తారు. అది సరైన వాదన కాదు. ఎక్కాలు కూడా చిన్నప్పుడు బెత్తం భయంతోనే నేర్చుకున్నాం. అంతమాత్రాన ఏడేళ్లు నలభై తొమ్మిది తప్పు కాదు. నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, అది నిజమా కాదా అన్నది ఇంకో ప్రశ్న. తేడా ఎక్కడంటే, బెజవాడలో నేర్చుకున్న ఎక్కమూ జపాన్‌లో నేర్చుకున్న ఎక్కమూ ఒకటే. దేవుడి విషయంలో అలా కలవడం లేదు. కలవనప్పుడు అందరూ ఒకేసారి రైటు కాలేరు. ఎవరో కొందరు తప్పు. ఆ కొందరిలో నేను లేనని నాకెలా తెలుసు? పుట్టుక వల్ల వచ్చే అనుమానం అంతవరకే.

"వేల ఏళ్లుగా కోట్లమంది నమ్ముతున్నారు, అదంతా అబద్ధమా?" అన్నది రెండో మాట. దీనికి జవాబు మన కృష్ణ ఒడ్డునే ఉంది.

అమరావతి స్తూపానికి దానాలిచ్చినవాళ్లు రాళ్ల మీద పేర్లు చెక్కించుకున్నారు. రాజుల పేర్లు కంటే మామూలు మనుషుల పేర్లే నన్ను ఎక్కువ ఆకట్టుకుంటాయి. గృహస్థులున్నారు, వర్తకులున్నారు, భిక్షుణులున్నారు. అందులో ఒకడు విధికుడు. వృత్తి చర్మకారుడు, నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి ఒక పూర్ణఘటం చెక్కిన పలకని దానం చేశాడు. ఇంటిల్లిపాదీ పేరు పెట్టుకుని ఇచ్చారు. ఒక చర్మకారుడు పెద్ద స్తూపం మీద కుటుంబంతో సహా పేరు చెక్కించుకోగలిగిన మతం అది. ఆ మతం మీద వాళ్లకి ఎంత గురి ఉండి ఉంటుందో ఆలోచించండి. ఆ స్తూపం దగ్గర వందల ఏళ్ల పాటు పూజలు జరిగాయి. అటు భట్టిప్రోలు, ఇటు నాగార్జునకొండ, ఈ తీరమంతా వాళ్లదే.

1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ వచ్చేనాటికి అది ఒక మట్టిదిబ్బ. ఇటుకల కోసం, రాళ్ల కోసం జనం తవ్వుకుపోతున్నారు. అదేమిటో ఆ ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. మిగిలిన శిల్పాలు ఇప్పుడు చెన్నై మ్యూజియంలో కొన్ని, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో కొన్ని ఉన్నాయి. అమరావతికి బస్సెక్కే మనవాళ్లలో ఎక్కువమంది దిగేది అమరేశ్వరుడి గుడి కోసం.

విధికుడి నమ్మకం తప్పని నేననడం లేదు. బౌద్ధం పోయింది కాబట్టి తప్పని అంటే, ఇక్కడ పోయింది గానీ శ్రీలంకలో ఉంది, థాయ్‌లాండ్‌లో ఉంది, అక్కడ రైటా? నేనంటున్నది, ఎంతమంది, ఎన్నేళ్లు అన్నవి కాటా మీద పెట్టే రాళ్లు కావని. ఆ రాళ్లతో తూస్తే ఆనాడు విధికుడు గెలిచేవాడు, ఇవాళ ఓడిపోయేవాడు. నిజం అలా ఊరూరికీ మారకూడదు కదా.

జోస్యాల సంగతి త్వరగా చెప్పి ముందుకెళతాను. 1962 ఫిబ్రవరి 3 నుంచి 5 వరకు అష్టగ్రహ కూటమి. మకరంలో ఎనిమిది గ్రహాలు కలుస్తున్నాయి, ప్రళయమే అన్నారు. దేశమంతా యజ్ఞాలు, అఖండ భజనలు. ఆ మూడు రోజులూ మామూలుగానే గడిచాయి. అప్పుడు జ్యోతిషం తప్పని ఎంతమంది అన్నారు? "యజ్ఞాలు చేశాం కాబట్టి గండం తప్పింది" అన్నారు. మనవాళ్లకే ఇది ప్రత్యేకం అనుకోకండి. 1954 డిసెంబరు 21న వరదలొచ్చి లోకం మునుగుతుందని, ముందుగా ఆకాశం నుంచి వాహనం వచ్చి తమని తీసుకెళుతుందని అమెరికాలో షికాగో దగ్గర ఒక చిన్న బృందం నమ్మింది. లియోన్ ఫెస్టింగర్ అనే శాస్త్రవేత్త తన మనుషుల్ని భక్తుల్లా అందులో చేర్పించి గమనించాడు. వాహనమూ రాలేదు, వరదా రాలేదు. మా భక్తి వల్లే దేవుడు లోకాన్ని ముంచకుండా వదిలేశాడని సందేశం వచ్చిందన్నారు. అంతవరకు విలేకరుల్ని దగ్గరికి రానివ్వనివాళ్లు ఆ రోజు నుంచి వాళ్లే పత్రికలకి ఫోన్లు చేయడం మొదలెట్టారు.

అయినా వీళ్లు తారీఖు చెప్పారు, ఆ ధైర్యం ఉంది. కృష్ణమ్మ పొంగి దుర్గమ్మ ముక్కుపుడకని తాకుతుందని మన ఊళ్లో అంటారు. ఎప్పుడు? ఎప్పుడో. పెద్ద వరద వచ్చినప్పుడల్లా ఈ మాట బయటికొస్తుంది, నీళ్లు తగ్గగానే లోపలికెళుతుంది. ఎన్ని వందల ఏళ్లు గడిచినా ఇది తప్పని తేలదు, ఇంకా టైముంది కదా. తప్పని తేలే వీల్లేకపోవడాన్ని మనం దాని బలం అనుకుంటాం.

దీనికి పూర్తిగా ఎదురు పని చేసినవాళ్లున్నారు, వాళ్లూ భక్తుల పక్షం వాళ్లే. గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకుంటున్న 1,802 మంది మీద అమెరికాలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. ఫలితాలు 2006లో వచ్చాయి. మతానికి సానుభూతి ఉన్న టెంపుల్టన్ ఫౌండేషనే డబ్బిచ్చింది. కొందరి కోసం ప్రార్థన చేయించారు, కొందరి కోసం చేయించలేదు. ఈ రెండు గుంపుల్లో ఎవరికీ తాము ఎందులో ఉన్నామో తెలియదు. ప్రార్థన ఉన్నవాళ్లలో 52 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, లేనివాళ్లలో 51 శాతం మందికి. "మీ కోసం తప్పకుండా ప్రార్థన చేస్తున్నారు" అని చెప్పిన మూడో గుంపులో మాత్రం 59 శాతం మందికి వచ్చింది. "నా కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నారంటే నా పరిస్థితి అంత బాలేదా" అని టెన్షన్ పడ్డారేమో అని కొందరన్నారు.

ఫలితాలు వచ్చాక, "ప్రార్థనని ఇలా కొలవడమే తప్పు, దేవుణ్ణి పరీక్షించకూడదు" అన్నవాళ్లున్నారు. ఆ మాట నిజమే కావచ్చు. ఒక్కటి మాత్రం అడుగుతాను. లెక్క అటు తిరిగి, ప్రార్థన ఉన్నవాళ్లు బాగా కోలుకుని ఉంటే, అప్పుడూ ఈ మాటే అనేవాళ్లా? లేక మైకులు పెట్టి ఊరంతా చెప్పేవాళ్లా? ఫలితం రాకముందే "ఇలా వస్తే నేను మార్చుకుంటాను" అని రాసి పెట్టుకోవాలి. వచ్చాక చెప్పే కారణాలకి అంతు ఉండదు.

ఇవన్నీ చెప్పడం తేలిక. ఎందుకు చేయలేమంటే, నమ్మకం తలలో ఒక్కచోటే ఉండదు. పెళ్లి సంబంధంలో ఉంటుంది, పండగనాడు పంచుకునే అరిసెల్లో ఉంటుంది, చచ్చిపోతే ఎక్కడ పూడ్చాలి అన్నదానిలో ఉంటుంది. మన జిల్లాల్లో ఇంకోటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళితే ఎస్సీ హోదా పోతుంది. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు గానీ క్రైస్తవుల్ని, ముస్లిముల్ని చేర్చలేదు. ఒక మనిషి "నేను దేన్ని నమ్ముతున్నాను" అని నిజాయితీగా కాగితం మీద రాస్తే పిల్లవాడి సీటు పోయే పరిస్థితి ఉన్నప్పుడు, "నిర్భయంగా ప్రశ్నించుకో" అని ఏసీ హాల్లో కూర్చుని చెప్పడం నాకు సిగ్గుగా ఉంటుంది. అందుకే నేను బహిరంగంగా ప్రకటించమనడం లేదు. లోపల తూచుకోమంటున్నాను. అక్కడికి ఏ తహసీల్దారూ రాడు.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకుని వచ్చిన సంగతి. పడమటలో నాస్తిక కేంద్రం మీ అందరికీ తెలుసు. గోరా గారు, గోపరాజు రామచంద్రరావు గారు, 1940లో ముదునూరులో పెట్టి, 1947లో ఇక్కడికి తెచ్చారు. వృక్షశాస్త్రం లెక్చరర్. నాస్తికత వల్ల కాలేజీ ఉద్యోగాలు పోయాయి. 1941లో ఆయన గాంధీకి ఉత్తరం రాశారు, నాస్తికత గురించి మాట్లాడాలి, సమయం ఇవ్వండి అని. గాంధీ దగ్గర్నుంచి చిన్న జవాబొచ్చింది. నాస్తికత అంటే తనని తాను కాదనుకోవడమేనని, దాన్ని ప్రచారం చేయడంలో ఎవరూ నెగ్గలేదని, మాట్లాడటానికి తనకి తీరిక లేదని.

తలుపు మూసేసినట్టే. గోరా గారు అలిగి ఊరుకోలేదు, ఆయన్ని తిట్టలేదు కూడా. పల్లెల్లో అంటరానితనం మీద పని చేసుకుంటూ పోయారు. 1944లో సేవాగ్రామ్ వెళ్లే అవకాశం వచ్చింది. ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ సంభాషణల్ని గోరా గారు 1951లో పుస్తకంగా వేశారు. అందులో గాంధీ అన్న ఒక మాట ఉంది. నా ఆస్తికత ఒప్పని గానీ, నీ నాస్తికత తప్పని గానీ నేను చెప్పలేను, మనం సత్యాన్ని వెతుకుతున్నవాళ్లం, తప్పని తెలిసినప్పుడు మార్చుకుంటాం అని.

రోజూ రామనామం చేసే డెబ్బై అయిదేళ్ల మనిషి ఈ మాట అన్నాడు. మూడేళ్ల క్రితం మాట్లాడటానికి తీరిక లేదన్న మనిషే అన్నాడు. ఎవరితో? మన బెజవాడ నాస్తికుడితో. అప్పటికే ఆయన కొంత దూరం నడిచి ఉన్నాడనుకోండి. "దేవుడే సత్యం" అంటూ వచ్చినవాడు, 1931లో స్విట్జర్లాండ్‌లో మాట్లాడుతూ "సత్యమే దేవుడు" అనడం మొదలెట్టానని చెప్పాడు. సత్యం కోసమే దేవుణ్ణి కాదన్న నాస్తికులున్నారని, వాళ్లనీ లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చిందని కారణం చెప్పాడు.

మాట అనడం ఎవరైనా అంటారు. గాంధీ తర్వాతేం చేశాడో చూడండి. గోరా గారి పెద్దమ్మాయికి ఒక దళిత యువకుడితో పెళ్లి అనుకున్నారు. సేవాగ్రామ్‌లో తానే దగ్గరుండి చేయిస్తానన్నాడు గాంధీ. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు ఉంటుంది. పెళ్లివారు నాస్తికులు. ఆ చోట దేవుడి పేరు తీసి, సత్యం సాక్షిగా అని పెట్టడానికి ఒప్పుకున్నాడు. తన ఆశ్రమంలో, తన చేతుల మీదుగా జరిగే పెళ్లిలో. ఆ పెళ్లి చూడకుండానే 1948 జనవరి 30న ఆయన హత్య జరిగింది. పెళ్లి అదే ఏడాది సేవాగ్రామ్‌లోనే చేశారు.

మరి గోరా గారు ఏం మార్చుకున్నారు అని వెనకవాళ్లని నేను అడగాలి. నాస్తికులకీ కాటా ఒకటే. "దేవుడు లేడని నాకు తెలుసు" అని గట్టిగా బల్ల గుద్దే మిత్రుల్ని, ఏది చూస్తే మీ అభిప్రాయం మార్చుకుంటారు అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. ఏదీ మార్చలేనిది వాళ్ల దగ్గరా ఒకటుందన్నమాట. అది దేవుడు కాదు గానీ, దేవుడికి దగ్గర చుట్టమే. (నవ్వులు)

ప్రసంగం ఇక ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

ఒక యువకుడు: సార్, ఇవన్నీ ఇంట్లో నాన్నగారితో అంటే పెద్ద గొడవైపోతుంది. ఎలా మొదలుపెట్టాలి?

నాన్నగారితో ఎందుకు మొదలెడతావు నాయనా? నీతో మొదలెట్టమన్నాను. గంటసేపు నేను చెప్పింది నీ కాటా గురించి. విన్న వెంటనే నువ్వు నాన్నగారి కాటా మీదికి వెళ్లిపోయావు. (నవ్వులు) నీ వయసులో ఉండే నమ్మకాలు కూడా చాలా ఉంటాయి. ఫోన్లో వచ్చినవి, నీ పార్టీవి, నీ హీరోవి. ముందు వాటిని తూచు.

ఒక పెద్దావిడ: మా ఆయన పోయినప్పుడు రోజూ గుడికి పోబట్టే నేను బతికానండీ. లేకపోతే ఏమయ్యేదాన్నో. అది తప్పంటారా?

లేదమ్మా, అనను. మీరు గుడికి వెళ్లారు, మనసుకి ఊరట కలిగింది. అది జరిగిన సంగతి, దాన్ని ఎవరూ కాదనలేరు. నేనడిగేది వేరే ప్రశ్న. ఇదే కష్టంలో చర్చికి వెళ్లి ఊరట పొందినావిడ, నమాజు చేసుకుని ఊరట పొందినావిడ ఈ హాల్లోనే ఉంటారు. ముగ్గురికీ ఊరట నిజం. కానీ ఆ ఊరటని పట్టుకుని "కాబట్టి మా దేవుడొక్కడే నిజం" అని ముగ్గురిలో ఎవరూ అనలేరు. మీరు అలా అనలేదు కూడా. మీరు చెప్పింది మీకు జరిగినంతవరకే. నన్నడిగితే ఇవాళ ఇక్కడ అందరికంటే జాగ్రత్తగా మాట్లాడింది మీరే.

రెండో వరుసలోని పెద్దాయన: ఖురాన్‌లో బఖరా సూరాలో ఇబ్రహీం అలైహిస్సలాం అల్లాని అడుగుతారు, చచ్చినవాళ్లని ఎలా బతికిస్తావో చూపించమని. "నీకు విశ్వాసం లేదా?" అంటే, "ఉంది, కానీ నా మనసు కుదుటపడాలి" అంటారు. అల్లా కోప్పడలేదు. నాలుగు పక్షుల్ని తీసుకోమని చెప్పి చూపించాడు. ప్రశ్న కాదు ఇది, గుర్తొచ్చి చెప్పాను.

చాలా సంతోషం అండీ. నాకు తట్టనిది మీరు చెప్పారు. ఋగ్వేదంలో నాసదీయ సూక్తం కూడా అంతే. సృష్టి ఎలా పుట్టిందో పైనుంచి చూసేవాడికి తెలుసేమో, ఆయనకీ తెలియదేమో అని ముగుస్తుంది. ఈ మధ్య అందరూ దీన్ని గర్వంగా చెప్పుకుంటున్నారు, చూడండి మా వాళ్లు ఎంత విశాలంగా ఆలోచించారో అని. చెప్పుకుని, తమ నమ్మకం మీద ఎవరైనా చిన్న ప్రశ్న వేస్తే కర్ర తీసుకుంటున్నారు.

ఒక విద్యార్థిని: సార్, మీరు నమ్ముతారా లేదా? ఇంతసేపూ చెప్పలేదు.

చెప్పకుండా పోదామనే చూశాను. (నవ్వులు) దుర్గమ్మ కొండకి వెళతానమ్మా. దసరాలో మూలా నక్షత్రం రోజు, ఆ రద్దీలో కూడా వెళతాను. ప్రార్థన వల్ల వానలు పడతాయని, రోగాలు తగ్గుతాయని నేననుకోవడం లేదు, ఇందాక చెప్పిన లెక్కలు చూశాక ఎలా అనుకుంటాను? ప్రార్థన చేసే మనిషి మారతాడని, కొంచెం మెత్తబడతాడని మాత్రం ఇప్పటికీ నమ్ముతున్నాను. అది తప్పని ఏది చూస్తే ఒప్పుకుంటానో కూడా రాసి పెట్టుకున్నాను. రోజూ పూజ చేసేవాళ్లూ, చేయనివాళ్లూ డబ్బు దగ్గర, కోపం దగ్గర ఒకేలా ఉన్నారని తేలితే నా నమ్మకం తప్పే. నీళ్ల బిల్లు ఎవరెంత కట్టాలి అన్నదాని మీద మా అపార్ట్‌మెంట్‌లో నెలనెలా మీటింగు పెడతారు, గమనించడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఇప్పటివరకు సాక్ష్యం నాకు వ్యతిరేకంగానే ఉంది. (నవ్వులు) ఇంకా రాస్తున్నాను.